హన్మకొండ ప్రైవేట్ థియేటర్‌లో బాపు, నేను, నా బిడ్డ: స్టార్ వార్స్ చూసిన రెండు ఆదివారాలు

ఇది రివ్యూ కాబట్టి డబ్బుల సంగతి ముందు చెప్తాను. హన్మకొండలో ఈ మధ్య ప్రైవేట్ థియేటర్లు బాగా వచ్చాయి కదా, బర్త్‌డేలకూ పెళ్లిరోజులకూ బుక్ చేసుకునేవి, పది మంది పట్టే చిన్న గది, గోడంత తెర, రిక్లైనర్లు, పేరు వెలిగే లైట్లు, తలుపు తీస్తే పొగ. మేం వెళ్లింది అలాంటి ఒకదానికి. పేరు రాయడం లేదు, ఎందుకంటే కొన్ని లోపాలు కూడా చెప్పాలి, నడిపేది కుర్రవాళ్లు, వాళ్ల పొట్ట మీద కొట్టడం నాకు ఇష్టం లేదు. మూడు గంటల స్లాట్‌కు నలుగురి దాకా 1,499, ఆపైన మనిషికి 200. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి 500 అడ్వాన్స్ కొడితే స్లాట్ ఖాయం. సినిమా మన ఓటీటీ ఖాతాతోనే పెట్టుకోవాలి, లాగిన్ అయ్యాక పాస్‌వర్డ్ అక్కడ ఉండిపోకుండా లాగౌట్ చేసుకుని రావడం మన బాధ్యత.

మాది బర్త్‌డే కాదు. మా బాపుకు డెబ్బై ఏళ్లు, కాజీపేట డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లికి ముందు, రైల్వే పాస్ మీద సికింద్రాబాద్ పోయి దోస్తులతో ఇంగ్లిష్ సినిమాలు చూసి రాత్రి బండికి తిరిగొచ్చేవాడట. అందులో ఒకటి స్టార్ వార్స్, అంతరిక్షంలో జరిగే యుద్ధాల కథ. నా బిడ్డ తొమ్మిదో తరగతి. ఒకరోజు ఫోన్‌లో ఏదో చూస్తుంటే బాపు పక్కన కూర్చుని, అందులో విలన్ డార్త్ వేడర్‌ను, ఆ నల్ల టోపీ మనిషిని చూపించి "వీడు నాకు తెలుసు, వీడి శ్వాస చప్పుడు తెలుసు" అన్నాడు. అది విని బిడ్డ ఎగిరి గంతేసింది. తాత స్టార్ వార్స్ థియేటర్‌లో చూశాడని దానికి అప్పటిదాకా తెలియదు. నిజం చెప్పాలంటే, నాకూ సరిగ్గా తెలియదు.

అందుకని స్లాట్ బుక్ చేశాను. ఇంట్లో టీవీ ఉంది, కానీ ఇంట్లో అయితే బాపు పది నిమిషాలకోసారి లేచి గేటు దాకా వెళ్లొస్తాడు, ఎవరో ఒకరు వస్తారు, కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఒక చీకటి గదిలో రెండు గంటలు ఆయన పక్కన కూర్చోవాలనిపించింది.

మొదటి ఆదివారం సంగతి. గది మూడో అంతస్తులో ఉంది, ఆ రోజు లిఫ్ట్ పనిచేయలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని మూడు అంతస్తులు ఎక్కించడం నాకు చాలా బాధనిపించింది, ప్రతి మలుపు దగ్గరా ఆగి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు, "ఏం కాదు నడువు" అంటూనే. బుకింగ్ చేసేటప్పుడే లిఫ్ట్ చెడిపోయిందని ఒక్క మాట చెప్తే వేరే రోజు పెట్టుకునేవాళ్లం. ఇలాంటి వాటి గురించి రాసేవాళ్లందరూ తెర సైజు రాస్తారు, మెట్ల గురించి ఎవరూ రాయరు, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు మొదట కావాల్సింది అదే.

లోపల సీట్లు బాగున్నాయి. రిక్లైనర్ లోతుగా ఉంటుంది, కూర్చోవడం సులువే, లేవడానికి మాత్రం పెద్దవాళ్లకు ఒక చెయ్యి అందించాలి. ఏసీ బాగుంది, ఎక్కువే ఉంది, బాపు కండువా మెడకు చుట్టుకున్నాడు. సౌండ్ పెద్దది, కానీ ఊఫర్ మరీ ఎక్కువ పెట్టారు, మాటలు అందులో మునిగిపోతున్నాయి. తగ్గించమంటే వెంటనే తగ్గించారు. అసలు ఇబ్బంది లైట్లది. తెర చుట్టూ పింక్ రంగు స్ట్రిప్ లైటు, బర్త్‌డే ఫొటోల కోసం పెట్టింది, సినిమా మొదలయ్యాక కూడా వెలుగుతూనే ఉంది. అంతరిక్షం అంటే నల్లగా ఉండాలి, మాకు గులాబీ అంచు చీరలాగా కనిపించింది. దాన్ని ఆపే స్విచ్ వేరే గదిలో ఉందట, ఆ అబ్బాయి పొగ మెషిన్ దగ్గర ఉన్నాడు, ఆపేసరికి పావుగంట పట్టింది. ఇంకోటి, ప్రొజెక్టర్‌లో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి ఆన్‌లో ఉంది, దానివల్ల సినిమా సినిమాలాగా కాకుండా టీవీ సీరియల్ షూటింగ్‌లో మనం పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. క్రికెట్‌కు బాగుంటుందేమో, పాత సినిమాకు అది ప్రాణం తీస్తుంది. మీరు వెళ్తే మొదటి నిమిషంలోనే అడిగి ఆపించుకోండి.

సరే, సినిమా మొదలైంది. పసుపు అక్షరాలు కింది నుంచి పైకి పోతున్నాయి. బాపు కళ్లజోడు సర్దుకుని చదివి, నా మోచేయి మీద తట్టాడు.

"ఇది నాలుగోది పెట్టినవ్ రా. మొదటిది పెట్టమన్న కదా."

తెర మీద ఎపిసోడ్ 4 అని ఉంది. ఇదే మొదట వచ్చింది బాపూ, నంబర్లు తర్వాత పెట్టారు అని చెప్పబోయాను. చెప్తుండగానే నాకు వెలిగింది, 1977లో సినిమా విడుదలైనప్పుడు ఆ నంబరు, ఆ ఉపశీర్షిక తెర మీద లేవు, 1981లో మళ్లీ విడుదల చేసినప్పుడు చేర్చారు. అంటే ఆయన సికింద్రాబాద్‌లో చూసిన సినిమాకు ముందు లేదు, తర్వాత లేదు. ఒక్క సినిమా, అయిపోయింది, పిల్లవాడు గెలిచాడు, మెడల్ వేశారు, బయటికొచ్చి చాయ్ తాగి బండెక్కాడు. ఆయనకు అది ఎప్పుడూ "ఫ్రాంచైజ్" కాదు. ఇన్నేళ్లూ ఆయన తలలో అది ముగిసిపోయిన కథగానే ఉంది.

నాకు అలా కాదు. నేను పదో తరగతి అయిపోయి ఇంటర్‌లో ఉన్నప్పుడు హన్మకొండలో వీసీడీ రోజుకు పది రూపాయలకు అద్దెకు తెచ్చి చూశాను. అప్పటికే 1999లో కొత్త భాగం వచ్చింది, తర్వాత 2002, 2005. మూడేళ్లకోసారి. మనకు మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తే ఎలా లెక్కపెట్టుకుంటామో నేను అలా లెక్కపెట్టుకున్నాను, చివరిదానికి హైదరాబాద్ పోయి మొదటి ఆట చూశాను. ఆ ఎదురుచూపు వల్ల ఏమవుతుందంటే, మధ్య ఖాళీలో మనం తలలోనే ఒక సినిమా కట్టుకుంటాం, వచ్చిన సినిమా దానికి సరిపోకపోతే కోపమొస్తుంది. పైగా ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇరవై రూపాయలిచ్చి అమెరికాలో 77 నాటి అభిమానులు రాసినవన్నీ చదివేవాణ్ని. వాళ్లకు కొత్త మూడు భాగాలు నచ్చలేదు, మా బాల్యాన్ని పాడుచేశారు అని తిట్టేవాళ్లు. నేనూ తిట్టాను. నా బాల్యంలో స్టార్ వార్స్ లేనే లేదు, నా బాల్యంలో ఉన్నది దూరదర్శన్. ఆ కోపం అరువు తెచ్చుకున్నది.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఆ 1999 సినిమాలో జార్ జార్ బింక్స్ అనే పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్‌ను ప్రపంచమంతా వెక్కిరించింది. చచ్చిపోవాలనిపించేంత దూరం వెళ్లానని ఆయన 2018లో బయటికి చెప్పాడు. నేను రాసిన మాటలు ఆయన దాకా వెళ్లి ఉండవు, కానీ నేనూ ఆ గుంపులో ఉన్నాను, అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అదే సంవత్సరం, 2017 నాటి భాగంలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్ వేధింపులు తట్టుకోలేక తన ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నవన్నీ తీసేసింది. మనకు ఇష్టమైనది కాపాడుతున్నాం అనుకుంటూ చేసే పనులివి. 2023లో మాండలోరియన్ అనే స్టార్ వార్స్ సిరీస్ మూడో సీజన్‌లో అహ్మద్ బెస్ట్ ఒక జెడైగా, అంటే ఆ కథలోని వెలుగు కత్తి యోధుల్లో ఒకడిగా వచ్చి, గ్రోగు అనే చిన్న పిల్లవాణ్ని కాపాడి తీసుకెళ్తాడు. నా బిడ్డ ఆ ఎపిసోడ్ చూసి సోఫా మీద నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ నటుడు ఎవరో, వెనక ఏం జరిగిందో దానికి తెలియదు, నేను అప్పుడు చెప్పలేదు. మొన్న చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మీరెందుకట్ల అన్నరు డాడీ?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు.

దాని దారి పూర్తిగా వేరు. 2020 లాక్‌డౌన్‌లో గ్రోగుతో మొదలైంది, ఆ పెద్ద చెవుల పచ్చ బొమ్మ. తర్వాత క్లోన్ వార్స్ యానిమేషన్, తర్వాత నేను తిట్టిన ఆ మూడు భాగాలు, అవి దానికి ప్రాణం. ఈ మొత్తం కథకు హీరో ఎవరు అంటే నేను పాత సినిమాల కుర్రాడు ల్యూక్ అంటాను, అది ఆ మూడు భాగాల అనాకిన్ అంటుంది. ల్యూక్ ఎవరంటే "అనాకిన్ కొడుకు" అంటుంది. దానికి అన్నీ ఒకేసారి కుప్పగా దొరికాయి, ఏది ముందొచ్చింది, ఏది తర్వాతొచ్చింది అనేది పట్టింపు లేదు, నచ్చిన చోట మొదలుపెట్టి నచ్చిన చోటికి దూకుతుంది. మొదట్లో నాకిది తప్పనిపించేది, వరుసలో చూడమ్మా అని వెంటపడేవాణ్ని. అది ఒకసారి అడిగింది, "నువ్వు మహాభారతం వరుసలోనే విన్నావా?" అని. వినలేదు. మా అవ్వ చెప్పినప్పుడు ముందు కర్ణుడి చావు, ఎప్పుడో తర్వాత కుంతి కథ. కర్ణుడు కుంతి కొడుకని తెలిసే మనమందరం చూస్తాం, తెలిసినా గొంతు పట్టుకుంటుంది. నా బిడ్డ స్టార్ వార్స్‌ను అలా చూస్తోంది. ఏం జరుగుతుందో అని కాదు, జరగబోయేది తెలిసి, ఆ మనిషి అటువైపే నడుస్తుంటే చూడటం.

స్టార్ వార్స్ ఒక్కటే ఇలా కాదు. స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్‌కు 1987లో కొత్త ఓడ, కొత్త కెప్టెన్ వస్తే 1966 నాటి వాళ్లు ఇది మాది కాదన్నారు, ఇప్పుడు చాలామందికి ఆ కొత్తదే అసలు స్టార్ ట్రెక్. బ్రిటన్ టీవీ సీరియల్ డాక్టర్ హూలో అయితే 1966లోనే హీరో మొహం మార్చే పద్ధతి కనిపెట్టారు కాబట్టి ఒక్కో తరానికి ఒక్కో డాక్టర్. కానీ నాకు బాగా తెలిసింది స్టార్ వార్స్, మా ఇంట్లో మూడు తరాలను ఒక బెంచీ మీద కూర్చోబెట్టిందీ అదే.

మళ్లీ థియేటర్‌లోకి వస్తాను. మీకు అసలు చెప్పాలనుకున్నది ఈ సీన్. ఎడారి ఊళ్లో ఒక కల్లు దుకాణం లాంటిది, అందులో హాన్ సోలోను, అంటే ల్యూక్‌కు తోడయ్యే ఓడ నడిపే దొంగ సరుకుల మనిషిని, అప్పు కోసం పట్టుకోవడానికి పచ్చ మొహం గ్రీడో తుపాకీ ఎక్కుపెట్టి ఎదురుగా కూర్చుంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ హాన్ బల్ల కింద తుపాకీ తీస్తాడు. మొన్న తెర మీద ఏం జరిగిందంటే, గ్రీడో "మాక్లంకీ" అని ఏదో అంటాడు, ఇద్దరూ దాదాపు ఒకేసారి కాలుస్తారు, గ్రీడో గురి తప్పుతుంది, చస్తాడు.

బాపు రిక్లైనర్‌లోంచి ముందుకు లేచాడు. లివర్ టప్‌మని చప్పుడైంది.

"గిట్ల లేకుండె," అన్నాడు. "వాడు కాల్చనే కాల్చలే. మనోడే బల్ల కింద నుంచి కాల్చిండు. ఒక్కటే దెబ్బ. వాడు బల్ల మీద పడ్డడు. నాకు మంచిగ యాదికున్నది, మేమందరం ఈల వేసినం."

నేను రిమోట్ తీసుకుని ఆపాను. నా చేతులు నిజంగా వణికాయి. ఎందుకో చెప్తాను. 1977లో ఆ సీన్‌లో హాన్ ఒక్కడే కాలుస్తాడు. 1997లో ఆ సినిమా తీసిన జార్జ్ లూకస్ దాన్ని మార్చి గ్రీడో ముందు కాల్చినట్టు చేశాడు, హీరో ముందుగా చంపితే బాగుండదని. 2004 డీవీడీలో ఇద్దరి కాల్పులూ దగ్గర చేశారు. 2019లో ఓటీటీకి వచ్చినప్పుడు ఆ "మాక్లంకీ" మాట చేరింది. నేను వీసీడీలో చూసింది 1997 నాటిది. అంటే హాన్ ముందు కాల్చడం నేను చూడనే లేదు. చూడకుండానే, చదివి, హాస్టల్‌లో పదేళ్లు వాదించాను, హాన్ ముందు కాల్చాడు అని బల్ల గుద్ది చెప్పాను, ఒక దోస్తుతో నెలరోజులు మాటలు మానేశాను. కళ్లారా చూసినాయన మా ఇంట్లోనే, పక్క గదిలో, రేడియో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్కసారి కూడా అడగలేదు.

అభిమానుల్లో తరాల తేడా అంటే ఇన్నాళ్లూ నేను అనుకున్నది వేరు. పెద్దవాళ్లకు కొత్తవి నచ్చవు, పిల్లలకు పాతవి నెమ్మదిగా అనిపిస్తాయి, అభిరుచి తేడా, అంతే అనుకున్నాను. కానీ ఆ గదిలో కూర్చున్న మేం ముగ్గురం ఒకే పేరుతో ఉన్న మూడు వేరే సినిమాలు చూసినవాళ్లం. బాపు హాన్ అవసరమైతే ముందే చంపే మనిషి. నా హాన్ తప్పించుకుని తిరిగి కొట్టేవాడు. నా బిడ్డ హాన్ ఇద్దరి మధ్య ఎక్కడో. బాపు ఆ తేడాను యాభై ఏళ్ల జ్ఞాపకంలోంచి ఒక్క క్షణంలో పట్టేశాడు, ఇంగ్లిష్ సగం కూడా అర్థం కాకుండా చూసిన సినిమాలోంచి. ఎవరైనా పెద్దాయన "అప్పుడు ఇట్ల లేకుండె" అంటే ఇకమీదట నేను కొట్టిపారేయను.

ఇంకో బాధ కూడా ఉంది, ఇది థియేటర్‌ది కాదు. బాపు చూసిన ఆ 1977 రూపం నా ఓటీటీ ఖాతాలో ఎంత వెతికినా దొరకలేదు. నెలనెలా డబ్బు కడుతున్నాను, మా బాపు సినిమా మా బాపుకు చూపించలేకపోయాను. 2025 జూన్‌లో లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ తన ఉత్సవంలో అసలు 1977 ప్రింట్ వేసింది, ఆ వార్త చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది, ఇప్పుడైతే కడుపులో మండుతోంది. మార్చుకుంటే మార్చుకోండి, కొత్త రూపం కూడా ఉంచండి, కానీ పాతది పక్కన పెట్టి ఉంచడానికి ఏమవుతుంది.

పాప్‌కార్న్ తెచ్చిన అబ్బాయి, ఇరవై రెండేళ్లుంటాయి, మేం సినిమా ఆపి మాట్లాడుకోవడం చూసి తలుపు దగ్గర నిలబడ్డాడు. "అన్నా, ఇది మార్వెల్ సినిమాల కంటే ముందా?" అన్నాడు. చాలా ముందు అన్నాను. బాపు ఆ అబ్బాయికి కూడా ఈల సంగతి మళ్లీ చెప్పాడు. పాప్‌కార్న్ గురించి ఒక మాట: టబ్ 180, వెన్న తక్కువ, ఉప్పు సరిపోయింది, వేడిగా ఉంది. బయటి తిండి రానివ్వరు, కానీ బాపు షుగర్ కోసం అమ్మ కట్టిచ్చిన మక్క గుడాల డబ్బా చూసి ఏమీ అనలేదు, అది నాకు నచ్చింది.

ఆ రోజు ఇంటికెళ్తుంటే ఆటోలో తెలిసిన విషయం ఇది: బాపు రెండో సినిమా చూడనే లేదు. 1980 నాటిది, ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్. అప్పటికి పెళ్లయింది, డ్యూటీలు మారాయి, సికింద్రాబాద్ పోవడం ఆగిపోయింది. బిడ్డ నా చెవిలో "డాడీ, తాతకు నిజంగా తెల్వదా?" అంది. ఏది అని నేను అడగలేదు, నాకు అర్థమైంది. ప్రపంచంలో ఆ రహస్యం తెలియని మనిషి ఇంకా ఉన్నాడంటే అది నమ్మలేకపోయింది. దానికి ఆ సంగతి ఎప్పుడు తెలిసిందో కూడా గుర్తులేదు, పుట్టుకతోనే తెలిసినట్టుంది. స్టార్ వార్స్ చూడనివాళ్లకు కూడా తెలిసిన సంగతి అది. మీలో ఎవరికైనా తెలియకపోతే ఇక్కడ ఆగిపోండి, దయచేసి సినిమా చూసి రండి.

వారం రోజులు బిడ్డ నోరు కట్టుకుని తిరిగింది. తాత కనిపించకుండా టీ షర్టు ఒకటి బీరువాలో దాచేసింది, దాని మీద ఆ డైలాగు ఉంది.

రెండో ఆదివారం అదే థియేటర్, సాయంత్రం నాలుగింటి స్లాట్. లిఫ్ట్ పనిచేసింది. ఊఫర్ ముందే తగ్గించి ఉంది. పింక్ లైటు ఆపి ఉంచారు, ఆ అబ్బాయికి గుర్తుంది, నున్నగా చేసే సెట్టింగ్ కూడా నేను అడగకముందే తీసేశాడు. ఈ రెండు సంగతుల కోసమే నేను మళ్లీ అక్కడికే వెళ్తాను, చెప్తే వినే మనిషి ఉంటే మిగతా లోపాలు సర్దుకుంటాయి. చీకటి ఈసారి నిజమైన చీకటి. మంచు గ్రహం తెల్లగా తెర నిండా వచ్చేసరికి బాపు కండువా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

చివర్లో ఆ సీన్. మేఘాల్లో ఊరు, కింద గొయ్యి, ల్యూక్ చెయ్యి తెగింది, నల్ల టోపీ వేడర్ చెయ్యి చాపి పిలుస్తున్నాడు. నా బిడ్డ తెర చూడటం లేదు. పాప్‌కార్న్ టబ్ అంచును రెండు చేతులతో పట్టుకుని తాత మొహం వైపే చూస్తోంది, తెర వెలుగు ఆయన కళ్లజోడు మీద నీలంగా మెరుస్తోంది. వేడర్ ఆ మాట అన్నాడు, నేనే నీ తండ్రిని అని. ల్యూక్ కాదు కాదని అరుస్తున్నాడు. బాపు కదల్లేదు. కొంతసేపటికి తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం," అన్నాడు. "పోరన్ని తన దిక్కు తిప్పుకోనీకి చెప్తున్నడు. ఆ ముసలాయన ముందే చెప్పిండు కదా మొదటి దాంట్ల, వీళ్ల నాయినను చంపిందే వీడని. ముసలాయన అబద్ధం ఎందుకు చెప్తడు?"

టబ్ అంచు చిరిగిపోయింది. బిడ్డ ఒక్క మాట మాట్లాడలేదు, నన్ను చూసింది, నేను తల ఊపాను, చెప్పొద్దు అని.

బాపుకు తెలియని సంగతి ఒకటి తర్వాత చెప్పాను, కథ బయటపడకుండా. వేడర్‌కు గొంతు ఇచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ ఆ డైలాగు మొదటిసారి చదివినప్పుడు తనకూ ఇదే అనిపించిందని, వీడు అబద్ధమాడుతున్నాడు అనుకున్నానని చెప్పాడు. షూటింగ్‌లో వేడర్ దుస్తుల్లో ఉన్న నటుడితో వేరే మాట చెప్పించారు, అసలు మాట తర్వాత గొంతులో కలిపారు, ల్యూక్ వేషం వేసిన మార్క్ హామిల్‌కు మాత్రం షాట్‌కు ముందు నిజం చెప్పారు. 1980 మే నుంచి, మూడో భాగం వచ్చిన 1983 మే దాకా మూడేళ్లు జనం నిజమా అబద్ధమా అని కొట్టుకున్నారు. ఆ మూడేళ్లు నేను చూడలేదు, నేను పుట్టింది 1983లో. నా బిడ్డకైతే అలాంటి మూడేళ్లు ఉంటాయని ఊహకే అందదు, దానికి తర్వాతి ఎపిసోడ్ పది సెకన్లలో తనంతట తానే మొదలవుతుంది.

"ఇప్పుడే మూడోది పెట్టాలా తాతా, ఇంట్ల పెడతా," అని బిడ్డ ఆటోలో అడిగింది. ఆగలేకపోతోంది పాపం. బాపు వద్దన్నాడు. "ఆలోచించుకోనియ్ బిడ్డా. గింత పెద్ద మాట చెప్పి పోయిండు, ఊకె వెంటనే చూస్తే ఏం బాగుంటది. నెల తర్వాత పోదాం."

నెల అంటే నా బిడ్డకు చాలా ఎక్కువ. అయినా ఆగుతోంది. రోజూ స్కూల్ నుంచి రాగానే తాత దగ్గర కూర్చుని "ఇయ్యాల ఏమనుకుంటున్నవ్?" అని అడుగుతుంది, ఆయన ఒకరోజు అబద్ధమే అంటాడు, ఒకరోజు "పేరు చూస్తే అనుమానమున్నది" అంటాడు. నాకు ఈ ఎదురుచూపులో ఉన్న సంతోషం దానికి ఎలా చెప్పాలో ఇన్నేళ్లూ తెలియలేదు, బాపు ఒక్క మాటతో దాన్ని అందులో కూర్చోబెట్టాడు.

ఇంతలో ఇంకోటి జరిగింది. బాపు పొద్దున నడకకు పోయినప్పుడు కాజీపేటలో చాయ్ దగ్గర షెడ్డు దోస్తులు ఇద్దరు కలుస్తారు, వాళ్లకు కథంతా చెప్పాడట, చాయ్ గ్లాసులు బెంచీ మీద పెట్టి ఇది ఓడ, ఇది గొయ్యి అని చూపిస్తూ. ఒకాయన అబద్ధమే అంటున్నాడు. ఇంకొకాయన, పాతకాలంలో పౌరాణిక నాటకాలు ఆడినాయన, "తండ్రే. తండ్రి కాకపోతే చెయ్యి నరికి వదలడు, తల నరుకుతడు" అన్నాడట. వారం నుంచి ముగ్గురికీ ఇదే పంచాయితీ.

మూడో భాగానికి స్లాట్ కట్టేశాను, వచ్చే నెల రెండో ఆదివారం, నాలుగింటికి. మా ముగ్గురికి తోడు ఆ ఇద్దరు పెద్దాయనలు, అంటే ఐదుగురం, అదనంగా 200. లిఫ్ట్ పనిచేస్తేనే వస్తామని, పింక్ లైటు వద్దని, పొగ వద్దని వాట్సాప్‌లో రాసి పెట్టాను. ఆ అబ్బాయి సరే అన్నా అని బదులిచ్చి, కింద ఇంకో మెసేజ్ పెట్టాడు: "ఆ రోజు నేను కూడా లోపల నిలబడి చూడొచ్చా?"